ఒకే హత్య, మూడు చదువులు: ఏది మేలు?

ఆ నవల పేరు చెప్పను. చెబితే ఇది చదివిన పాపానికి మీకు నవల దక్కకుండా పోతుంది. పత్తి జిన్నింగు మిల్లు ఉన్న ఒక చిన్న ఊరు, దీపావళి మర్నాటి రాత్రి మాయమైన మిల్లు గుమాస్తా, 312 పేజీలు. ఇంతవరకు చాలు. మా ఇంట్లో దాన్ని ముగ్గురం చదివాం, మూడు రకాలుగా చదివాం. నేను ఆరు వారాలు ఆగి ఆగి చదివాను. మా మరిది ఒక్క రాత్రిలో ముగించాడు. అత్తయ్య చివరి పేజీలు ముందు చదివి, ఆ తర్వాత మొదటికి వచ్చారు. హనుమకొండలో మా వంటింటి గడప మీద రెండు నెలలుగా తెగని తగువు ఇదే: సస్పెన్సు నవలను ఎలా చదివితే మేలు?

మా ఆయన ఈ తగువులో లేరు. ఆయన నవలలు చదవరు. "జరగని దానికి ఇంత హైరానా ఎందుకు?" అంటూ దినపత్రిక మడిచి తలగడ పక్కన పెట్టుకుని పడుకుంటారు.

ముందు నా సంగతి. నా ఉద్యోగం సికింద్రాబాదులో. సోమవారం తెల్లవారుజామున కాజీపేటలో రైలెక్కితే మళ్ళీ శుక్రవారం రాత్రికి ఇల్లు. 132 కిలోమీటర్లు, రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఈ నవలను రైల్లో తప్ప మరెక్కడా తెరవకూడదని నియమం పెట్టుకున్నాను. అంతకు ముందు ఇలాంటిదే ఒకటి హాస్టల్లో రాత్రంతా చదివి, మర్నాడు ఆఫీసులో ఒకరి ఫైలు మీద ఇంకొకరి పేరు రాసిన అనుభవం ఉంది. టికెట్టునే గుర్తుగా పేజీల మధ్య పెట్టేదాన్ని. సోమవారం పొద్దున తెరిస్తే ఒకటి రెండు సార్లు ఆ టికెట్టు నేను పెట్టిన చోట కాక నాలుగు పేజీల అవతల కనిపించింది. సంచి కుదుపుకు జరిగి ఉంటుందనుకున్నాను.

నెమ్మదిగా చదవడంలో ఏం లాభమో చెప్పాలంటే కథలో ఒక్క ఆధారమైనా బయటపెట్టక తప్పదు. కంగారు పడకండి, దానితో హంతకుడు దొరకడు.

మూడో అధ్యాయంలో రెండు ధర్మకాంటా చీటీలు వస్తాయి. పత్తి మిల్లుల సంగతి తెలిసినవారికి ఈ లెక్క కొత్త కాదు. లోడుతో వచ్చిన లారీని ముందు తూస్తారు, సరుకు దించాక ఖాళీ లారీని మళ్ళీ తూస్తారు, రెండింటి తేడా పత్తి బరువు. కథలో ఒకే లారీ ఆ రోజు రెండుసార్లు వచ్చింది. మధ్యాహ్నం దాని ఖాళీ బరువు 6,840 కిలోలు. రాత్రి 6,900. ఖాళీ లారీ బరువెక్కితే ఆ మేరకు పత్తి తగ్గినట్టే లెక్క, కాబట్టి రైతు "నా 60 కిలోలు మింగేశారు" అని గొడవకు దిగుతాడు. మిల్లు యజమాని ఆ డబ్బేదో ఇచ్చి నోరు మూయిస్తాడు. అధ్యాయం అయిపోతుంది.

తూకంలో మోసం అంటే మన వైపు ఎవరైనా ఇట్టే నమ్ముతారు. నేనూ నమ్మాను. రఘునాథపల్లి, జనగామల మధ్య ఆ పేజీలు దాటేసి, ఘట్‌కేసర్ వచ్చేసరికి పుస్తకం మూసేశాను. బుధవారం రాత్రి హాస్టల్లో బట్టలు ఉతుకుతుంటే తట్టింది. రైతును ముంచాలనుకున్నవాడు ప్రతి బండి మీదా ఐదో పదో తింటాడు గానీ, ఒకే లారీని పట్టుకుని ఏకంగా 60 కిలోలు పెంచుతాడా? 60 కిలోలంటే ఒక బక్కపలచటి మనిషి. గుమాస్తా బక్కపలచగా ఉంటాడని రెండో పేజీలోనే ఉంది. సబ్బు నురగతో చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఆ శనివారం ఎనుమాముల మార్కెట్టు వైపు పని పడితే, దారిలో ఒక ధర్మకాంటా దగ్గర ఆగి, తెలిసినవారి లారీ అని అబద్ధం చెప్పి అడిగాను: పొద్దున ఒక బరువు, రాత్రి ఒక బరువు ఎందుకొస్తుందని. కాంటా ఆయన తల కూడా ఎత్తకుండా నాలుగు ప్రశ్నలు వేశాడు. డ్రైవరు దిగాడా? క్లీనరు దిగాడా? పైన కప్పే పట్టా తడిసిందా? మధ్యలో డీజిలు కొట్టించారా? లీటరు డీజిలు కిలో తూగదట, ఒక్క డీజిలుతోనే 60 కిలోల తేడా రావాలంటే 70 లీటర్లయినా పోయించాలట. నాలుగూ టికెట్టు వెనక రాసుకున్నాను. మూడు వారాల తర్వాత, రెండు వందల పేజీలు దాటాక, కథలోని ఇన్‌స్పెక్టరు సరిగ్గా ఆ నాలుగు ప్రశ్నలే అడిగాడు. పట్టా తడవలేదు, ఆ రోజు వాన లేదు. డీజిలు రసీదు ముందు రోజుది. నేను పైకే నవ్వేశాను. ఎదురు సీట్లో జామకాయలు కోసుకుంటున్న ఆవిడ కత్తి పక్కన పెట్టి నా వైపు అదోలా చూసింది.

రచయిత కంటే ముందు నడిచానన్న ఆ గర్వం మరో చదువులో దొరకదు. పేజీలు అక్కడివక్కడే ఉన్నాయి. మధ్యలో ఐదు రోజులు ఖాళీ దొరికింది కాబట్టి నా అనుమానం మొలకెత్తింది. అయితే హంతకుణ్ణి పట్టుకున్నానా అంటే, లేదు. క్లీనరే చేశాడని మూడు వారాలు గట్టిగా నమ్మి, పాపం ఆ కుర్రవాణ్ణి మనసులోనే జైలుకు పంపాను. అతను చివరికి సాక్షి.

వారం వారం చదివించే పద్ధతి పాతదే. విల్కీ కాలిన్స్ రాసిన 'ద మూన్‌స్టోన్' 1868లో జనవరి నుంచి ఆగస్టు దాకా ఒక వారపత్రికలో ముక్కలు ముక్కలుగానే వచ్చింది. మన తెలుగు వారపత్రికలూ ఒక తరాన్ని సీరియళ్ళతోనే కట్టిపడేశాయి. ఆ పేజీలు విడదీసి, దబ్బనంతో కుట్టి, ఇంట్లోనే బైండు చేసుకున్నవారు మా బంధువుల్లోనే ఉన్నారు. కానీ సీరియల్ రాసేవారికి ఎక్కడ ఆపాలో తెలుసు. నా రైలుకు ఆ విద్య రాదు. నాయిక పత్తి గోదాములో బేళ్ళ వెనక దాక్కుంది, ఎవరో చెప్పులు విడిచి లోపలికి వస్తున్నారు, సరిగ్గా అప్పుడు సికింద్రాబాదు వచ్చేసింది. మామూలు రోజుల్లో స్టేషను బయట సిగ్నలు కోసం పావుగంట పడిగాపులు పడే బండి, ఆ రోజు మాత్రం నేరుగా ప్లాట్‌ఫారం మీదకు వెళ్ళి నిలబడింది.

నా పద్ధతిలోని లోపం కూడా అక్కడే బయటపడింది. సోమవారం రాత్రి హాస్టల్లో ఎవరి చెప్పుల చప్పుడైనా గుండె ఝల్లుమంది. మంగళవారానికి చల్లారింది. బుధవారానికి లెక్కలు మొదలయ్యాయి: ఇంకా 130 పేజీలున్నాయి, ఆమె ఇప్పుడే చచ్చిపోతే మిగతా కథ ఎవరు నడుపుతారు? గురువారానికి అంతకంటే చెడ్డ ప్రశ్న వచ్చింది. ఆమె చేతిలో ఫోను ఉంది కదా, ఎవరికైనా ఒక్క సందేశం పంపవచ్చు కదా? రచయిత దానికి సమాధానం రాయలేదు. మర్చిపోయాడో, పాఠకులు అడగరనుకున్నాడో. అనుమానానికి ఐదు రోజులు ఎరువైతే, భయానికి ఆ ఐదు రోజులే చిల్లు. శుక్రవారం రాత్రి రైల్లో మళ్ళీ తెరిచేసరికి గోదాములో చీకటి ఉంది గానీ నాకు వణుకు లేదు.

ఆ వణుకంతా మా మరిదికి దక్కింది. నర్సంపేట నుంచి వచ్చి, శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు, "కాసేపు చూసి ఇచ్చేస్తాను వదినా" అని పుస్తకం తీసుకున్నాడు. టికెట్టు 118వ పేజీలో ఉందని, కదపవద్దని చెప్పాను, కదపలేదు. ముందు మంచం మీద చదివాడు, తర్వాత వసారాలో కుర్చీకి మారాడు. రెండు గంటలప్పుడు మెలకువ వచ్చి చూస్తే, 34 ఏళ్ళ మనిషి, పిల్లిలా నడుచుకుంటూ వెళ్ళి పెరటి తలుపు గడియ పడిందో లేదో తడిమి చూస్తున్నాడు. గడియ పడే ఉంది. ఒకసారి తీసి, మళ్ళీ వేశాడు. నాలుగింటికి దీపం ఆరింది.

ఆ గడియ చప్పుడు విన్నప్పుడు నాకు అసూయ కలిగిందని ఒప్పుకోవాలి. ఆరు వారాల్లో నేను ఒక్కసారి కూడా లేచి తలుపు చూసుకోలేదు. అతనికి నవల ఊళ్ళో జరగలేదు, మా పెరట్లో జరిగింది. ఫోను సంగతి అతనికి తట్టనే లేదు, తట్టే వ్యవధి లేదు. నన్ను రెండు వారాలు విసిగించిన కోర్టు పేజీలను అతను చెరువు గట్టు మీద సైకిలు తొక్కినట్టు దాటేశాడు.

మర్నాడు ఉప్మా తింటూ ఉంటే, కథ ఏమీ చెప్పవద్దని చెవులు మూసుకుని, ఒక్కటే అడిగాను.

"ధర్మకాంటా చీటీలు చూశావా?"

"ఏ చీటీలు వదినా?"

అదీ సంగతి. 60 కిలోలు అతనికి తగల్లేదు. ముగింపు పిడుగులా పడిందన్నాడు, కానీ ఆ పిడుగు ఏ మబ్బులోంచి వచ్చిందో చెప్పలేకపోయాడు. పది రోజుల తర్వాత ఫోనులో అడిగితే డాక్టరు పాత్ర పేరు గుర్తు లేదు, గుమాస్తా భార్య ఏమైందో గుర్తు లేదు. గడియ మాత్రం గుర్తుంది. నేను దెప్పితే, "వేయిస్తంభాల గుడికి వెళ్ళొచ్చినవాణ్ణి స్తంభాలు లెక్కపెట్టావా అని అడుగుతారా?" అన్నాడు. హనుమకొండలో పుట్టినవాడితో వాదన పెట్టుకుంటే ఇలాగే ఉంటుంది.

ఇక అత్తయ్య. చివరి పేజీ ముందు చూడటమంటే పిరికితనమనో, ఓపిక లేకపోవడమనో నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. ఈ తగువు పుణ్యమా అని అసలు కారణం తెలిసింది. ఊళ్ళో 1904 నుంచీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఉన్నా, అత్తయ్య కాపురానికి వచ్చిన రోజుల్లో మధ్యాహ్నం వంట ముగిశాక చీర కొంగు సర్దుకుని వెళ్ళి రాగలిగిన దూరంలో ఉన్నది మాత్రం వీధి చివరి అద్దె పుస్తకాల కొట్టు. అక్కడి నవలలకు అట్ట బైండు, మందపు దారం కుట్టు. కుట్టు లోపలికి వెళ్ళిన అక్షరాలను పుస్తకం విరిచి చదువుకోవాలి. చేతులు మారీ మారీ ముందు ఊడేది చివరి ఫారమే. ఫారమంటే 16 పేజీలు. డిటెక్టివ్ నవలలో ఆ 16 పేజీలు పోతే ఇంకేముంటుంది? ఒక మధ్యాహ్నం అత్తయ్య, "ముసుగు మెల్లగా తొలగింది. ఆ ముఖం చూసి అందరూ" అన్నంత వరకు చదివి పేజీ తిప్పితే అట్ట వచ్చింది. కొట్టుకు వెళ్ళి అడిగితే, తీసుకునేటప్పుడే చూసుకోవాలమ్మా అన్నారట. అప్పటి నుంచి ఏ పుస్తకం తెచ్చుకున్నా ముందు చివరి ఫారం ఉందో లేదో తిప్పి చూడటం అలవాటైంది. తిప్పాక కళ్ళు ఊరుకుంటాయా?

అత్తయ్యకు చార్లెస్ డికెన్స్ సంగతి చెప్పాను. ఆయన చివరి నవల 'ద మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్' 12 భాగాలుగా రావలసి ఉండగా, ఆరు భాగాలకు సరిపడా రాసి 1870 జూన్‌లో కన్నుమూశాడు. డ్రూడ్‌కు ఏమైందో ఈనాటికీ పాఠకులు వాదించుకుంటూనే ఉన్నారు. అత్తయ్య కాసేపు ఆలోచించి, "ఆయన పోయాడు కాబట్టి సరే. నాకు ఆ ముసుగులో ఉన్నదెవరో తెలియదు, ఆ కాగితాలు చింపినదెవరో కూడా తెలియదు" అన్నారు.

నేను ముగించాక ఈ నవల ఆవిడ చేతికి వెళ్ళింది. చివరి ఫారం చదివారు, కళ్ళజోడు తుడుచుకున్నారు, మొదటి పేజీ తీశారు. మూడో అధ్యాయానికి రాగానే పిలిచారు. "ఇక్కడే చెప్పేశాడు కదమ్మా, మనమే వినలేదు." చీటీలే కాదు, నాకు ఆరు వారాల్లో దొరకనిది కూడా ఆవిడకు దొరికింది. గుమాస్తా శవం దొరికిందని తెలిసినప్పుడు మిల్లులో ప్రతి ఒక్కరూ ఎలా పోయాడని అడుగుతారు. ఒక్క మనిషి అడగడు. ఆ అడగకపోవడం ఎక్కడా రాసి లేదు, ఖాళీగా వదిలి ఉంది. హంతకుడెవరో తెలిసి, ఆ మనిషి మీదే చూపు పెట్టి చదివితే తప్ప అది కనబడదు. అలాగని భయం లేదా అంటే, గోదాము అధ్యాయం చదువుతూ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఆ పిల్లకు తెలియదు చెప్పులు విడిచింది ఎవరో. నాకు తెలుసు కదా." నాకు చల్లారిపోయిన చోట ఆవిడకు చెమట పట్టింది.

తెలిసిన కథకు ఉత్కంఠ ఉండదని ఎవరన్నారు? సంక్రాంతికి ఐనవోలు జాతరలో ఒగ్గు కథ వినండి. మల్లన్న గొల్ల కేతమ్మను పెళ్ళాడతాడని తెలియనివాడు ఆ జనంలో ఒక్కడూ ఉండడు, అయినా డోలు ఆగినప్పుడల్లా జనం ఊపిరి బిగబడుతుంది. ఇంగ్లండులో ఆస్టిన్ ఫ్రీమన్ 1912లోనే 'ద సింగింగ్ బోన్' కథల్లో హత్యను, హంతకుణ్ణి ముందే చూపించి, పట్టుకోవడం ఎలాగన్నది మాత్రమే మిగిల్చాడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డీగోలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 12 చిన్న కథలతో ప్రయోగం చేసి, ముగింపు ముందే తెలిసినవారికే ఆ కథలు కాస్త ఎక్కువ నచ్చాయని 2011లో ప్రకటించారు. అవి అరగంటలో అయిపోయే చిన్న కథలు, 312 పేజీల నవలలు కావు. అందుకని దాన్ని అత్తయ్య గెలుపుగా రాసుకోలేను. ఓడిపోయారనీ అనలేను.

మరి ఏది మేలు? ఈ నవలకైతే నా పద్ధతే మేలని ఇప్పటికీ అంటాను. ఇది ఆధారాల మీద కట్టిన కథ. చీటీ కనబడాలి, అనుమానం రావాలి, ఆ అనుమానం తప్పని తేలాలి. మూడింటికీ తీరిక కావాలి. ఒక్క రాత్రి చదువులో ఆ మూడూ ఒకదాని మీద ఒకటి పడి నలిగిపోతాయి. కానీ తరుముకొచ్చే కథ అయితే, అంటే ఎవరు చేశారన్నది కాక తప్పించుకుంటారా లేదా అన్నదే ప్రాణమైన కథ అయితే, ఆగి ఆగి చదవడం దండగ. ఒక శనివారం రాత్రి, ఒక చెంబు నీళ్ళు, గడియ ఉన్న తలుపు చాలు. ఇంకో మాట కూడా ఉంది. అతుకుల బొంత నవల దొరికితే మరిది పద్ధతే దిక్కు, అతుకులు కనబడకముందే అవతలి ఒడ్డుకు చేరవచ్చు.

అత్తయ్య పద్ధతి అన్నిటికంటే కఠినమైనది, పాఠకురాలికి కాదు, రచయితకు. ముగింపు తెలిసిపోయాక కూడా చదివించగలిగేది పదింటిలో ఒకటో రెండో. మిగతావి అక్కడే కుప్పకూలతాయి. అత్తయ్య అలా పదిహేనో పేజీలో పక్కన పెట్టేసిన పుస్తకాలు మా అటక మీద ఒక బస్తాడు ఉన్నాయి. అందులో నేను ఇష్టపడి కొన్నవి నాలుగైదు ఉన్నాయని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మంచి నవలను రెండోసారి చదవాలనుకుంటే మాత్రం ఆవిడలాగే చదవండి, అడగని మనిషి మీద ఒక కన్ను వేసి.

పోయిన వారం కొత్త నవల ఒకటి తెచ్చాను. అత్తయ్యను ఈసారి నా దారిలోకి లాగుదామని, చివరి ఫారానికి రెండు గుండుసూదులు గుచ్చి, తలలు రెండూ ఎడమ వైపు ఉండేలా పెట్టి, ఆవిడ ముందే బీరువాలో పెట్టి వెళ్ళాను. ఆవిడ నవ్వి, ముట్టుకోనని మాట ఇచ్చారు. శుక్రవారం రాత్రి వచ్చి చూస్తే సూదులు రెండూ ఉన్నాయి. తలలు కుడి వైపు ఉన్నాయి.

అత్తయ్య ఒట్టు వేశారు, ఆవిడ ఒట్టు వేస్తే తిరుగు లేదు. మరిది నెల రోజులుగా నర్సంపేట దాటి రాలేదు. మా ఆయన దినపత్రిక మడిచి తలగడ పక్కన పెట్టుకున్నారు. ఏమైందని నేను అడగకముందే, "సంచి కుదుపుకు జరిగి ఉంటాయి" అన్నారు.